ముందు రెండు టైర్లు, వెనక రెండు

గిద్దలూరు,
9-7-1974, మంగళవారం.

చిరంజీవి దశరథరామయ్యకు బావ వీరభద్రయ్య ఆశీర్వదించి రాసేది.

నిన్న సోమవారం ఉదయం ఎనిమిది గంటల ఇరవై నిమిషాలకు మన జీపు కొమరోలు అవతలి వాగులో దిగబడింది. రెండు జతల ఎద్దులు కట్టి లాగితే పదింటికి ఒడ్డెక్కింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఇంజనులోకి నీళ్ళు పోలేదు.

డ్రైవరు ఆదెయ్య తప్పేమీ లేదు. పదకొండేళ్ళు మిలిటరీలో బండి తోలినవాడు. నాలుగు చక్రాల లివరు వేసే వాగులోకి దించాడు. నాలుగు చక్రాలూ తిరిగాయి, బండి మాత్రం కదల్లేదు. నేను టైర్ల మీద వేలు పెట్టి చూశాను. గాడులు అరిగి నున్నగా ఉన్నాయి. వేలం పాటలో జీపు కొన్నప్పుడే అవి సగం అరిగినవి. నువ్వూ చూశావు.

కాబట్టి నాలుగూ కొత్తవి వేయాలి. మిలిటరీ బండ్లకు వేసే, లోతు గాడులు, పెద్ద పెద్ద కట్లున్న టైర్లు వేద్దాం. బురదను పట్టేది అవే. మన ఒప్పందం ప్రకారం శనివారం మధ్యాహ్నం నుంచి సోమవారం దాకా జీపు నాది, మంగళవారం నుంచి నీది. నా సోమవారాలు మాత్రం ఈ వానల్లో తప్పకూడదు. వాగవతల రైతులకు వేరుశనగ విత్తనాలు చేర్చాలి.

ఈ ఉత్తరం జీపులోనే ఆదెయ్య చేతికిచ్చి పంపుతున్నాను. జవాబు శనివారం అతని చేతికే ఇవ్వు.

ఇట్లు,
వీరభద్రయ్య

(మడత మూలలో, వేరే చేతిరాత)

తమ్ముడూ, జిగురు పెట్టి అంటించమని మీ బావ నాకిచ్చి అంగట్లోకి పోయినారు. ఈ మూల కొంచెం జాగా ఉంది. విత్తనాల మాట నమ్మొద్దు. జీపులో పోయేది మన పరమేశ్వరి. ఒంగోలు నుంచి ఉద్యోగం ఆర్డరు వచ్చింది. ఒకటో తేదీ నుంచి వాగవతలి పల్లెలో టీచరు. సోమవారం పోయి, వారమంతా రోశమ్మ అనే ఆమె ఇంట్లో ఉండి, శనివారం వస్తాది. నిన్న జీపు దిగబడి పిల్ల ఇంటికి తిరిగొచ్చినాక మీ బావ షరతు పెట్టినారు. ఇకమీద వాగు వల్ల ఒక్క సోమవారం బడి తప్పినా రాజీనామా రాయాలంట. పిల్ల ఒప్పుకునింది, కానీ రాత్రి అన్నం తినలేదు. రెండేళ్ళ కింద పెళ్ళిలో మీసం తీయించుకుంటానని అన్నారు కదా, అందుకే నీకు చెప్పకుండా దాచినారు. ఆదెయ్య చేత కూడా ఒట్టు వేయించుకున్నారు. నువ్వు తెలియనట్లే ఉండి కట్ల టైర్లకు ఒప్పుకో. అక్క రామతులసమ్మ.


మార్కాపురం,
12-7-1974, శుక్రవారం.

బావగారికి దశరథరామయ్య నమస్కారాలు.

మంగళవారం మధ్యాహ్నం ఒంటి గంటకు జీపు చేరింది. ఉత్తరం చదివాను. మూలన అక్క ఏదో రాసినట్టుంది. జిగురు గట్టిగా పట్టి, విప్పేటప్పుడు ఆ ముక్క చిరిగి రెండు వైపులా అంటుకుపోయింది. "తమ్ముడూ" ఒక్కటే మిగిలింది. ఆశీర్వాదమే అయి ఉంటుందని అనుకున్నాను. అక్కకు నా నమస్కారాలు చెప్పండి.

టైర్ల సంగతి. మీరు రాసిన కట్ల టైర్లు ఇక్కడ ఒక కాంట్రాక్టరు జీపుకు ఉన్నాయి. బుధవారం ఆ జీపు అడిగి, నేను అమ్మే రాతి పలకలు రెండు వందలు ఎక్కించి కంభం దాకా తోలించాను. పలకల మీద నేనే చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను. కంభంలో దించి చూస్తే ఇరవై మూడు పగిలాయి. మర్నాడు మన జీపులో, మన అరిగిన టైర్ల మీద, అదే దారిలో రెండు వందలు పంపాను. నాలుగు పగిలాయి. కట్ల టైరు తారు రోడ్డు మీద బండిని అదురుతూ తీసుకుపోతుంది. పలక రాయి, అదురు ఓర్చుకోదు.

కర్నూలులో కరుణాకరం అని టైర్లమ్మే ఆయన ఉన్నాడు. మన తాలూకాలు ప్రకాశం జిల్లాలో కలిసి ఇన్నేళ్ళయినా ఏం కావాలన్నా మన కాళ్ళు కర్నూలుకే పోతున్నాయి. ఆయన అన్ని కాలాలకూ పనికొచ్చే టైరని ఒకటి చూపించాడు. తారు మీద మెత్తగా పోతుంది, తడిలోనూ కొంత పట్టు ఉంటుంది, ఏడాది పొడుగునా మార్చే పని లేదు. నాలుగూ అవే వేద్దాం.

వాగు ఎప్పుడూ పారదు కదా. నీళ్ళు తగ్గేదాకా నాలుగు రోజులు మూట కట్టి ఉంచితే విత్తనాలేమీ అలగవు.

ఇంతకీ మన పరమేశ్వరి ట్రైనింగు సర్టిఫికెట్టు ఇంకా పెట్టెలోనే ఉందా? మా అబ్బాయి బాలసుబ్రహ్మణ్యం పెళ్ళిలో, పిల్లను ఉద్యోగానికి పంపమని నేనంటే, మీరు అరవై మంది ముందు అన్న మాట ఇక్కడ ఎవరూ మరిచిపోలేదు. "మా ఇంటి పిల్ల నెల జీతానికి పోయిననాడు ఈ మీసం తీయించుకుంటా." మీసం బాగా చూసుకోండి.

ఇట్లు,
దశరథరామయ్య


గిద్దలూరు,
16-7-1974, మంగళవారం.

చిరంజీవి దశరథరామయ్యకు,

నీ పలకల లెక్క చూశాను. నా లెక్క కూడా రాసుకో. ఈ నెల మొదటి పదిహేను రోజుల్లో వాగు తొమ్మిది రోజులు పారింది. వాగవతల వాళ్ళు విత్తనాలకు ఆగరు. ఆగితే వేరేవాళ్ళ దగ్గర కొంటారు. నీ పలకలకు నోరు లేదు, ఒక వారం ఆలస్యమైనా ఏమీ అనవు.

పరమేశ్వరి క్షేమం. ఈ వారం ఊళ్ళో లేదు, తెలిసినవాళ్ళ ఇంట్లో ఉంది. మీసం కూడా క్షేమం.

మనిద్దరమూ సమాన భాగస్తులం. ఒకరి మాట ఒకరు వినే వయసు దాటిపోయాం. కాబట్టి న్యాయంగా సగం సగం చేద్దాం. ముందు చక్రాలకు నేను రెండు కట్ల టైర్లు వేస్తాను. వెనక చక్రాలకు నువ్వు నీ అన్ని కాలాల టైర్లు రెండు వేసుకో. వాగులో ముందువి పట్టి లాగుతాయి. నీ పలకలుండేది వెనక, అక్కడ మెత్తగా ఉంటుంది. ఎవరికీ అన్యాయం జరగదు. ఆదెయ్య పక్కనే ఉన్నాడు, వద్దనలేదు.

మీ అక్క అంటిస్తానంది. నీ ఉత్తరంలో జిగురు సంగతి చూశాక ఈసారి నేనే అంటిస్తున్నాను.

ఇట్లు,
వీరభద్రయ్య


మార్కాపురం,
2-8-1974, శుక్రవారం.

బావగారికి నమస్కారాలు.

మీ న్యాయం నచ్చింది. కర్నూలు వెళ్ళి నా రెండూ తెచ్చాను. కరుణాకరం నాలుగు దించబోయాడు, నేను రెండు చాలన్నాను. మిగతా రెండూ యాడివి అని అడిగాడు. భాగస్తుడు తెస్తాడన్నాను. ఆయన "మీది జీపేనా అన్నా, రెండు సైకిళ్ళా?" అన్నాడు. వ్యాపారస్తుల పరాచికమే అనుకుని నవ్వాను.

మీరు నంద్యాల నుంచి తెప్పించిన రెండూ ఆదెయ్య దించాడు. ఈ రోజు సాయంత్రం నాలుగున్నరకు నాలుగూ బిగించడం అయింది. నేను చుట్టూ తిరిగి చూశాను. ముందు నుంచి చూస్తే మిలిటరీ జీపు, వెనక నుంచి చూస్తే పెళ్ళివారి జీపు. పలకలు ఎక్కించి ఊరి చివరిదాకా తోలితే ఒక్కటీ పగల్లేదు. ఆదెయ్య ఏదో గొణిగాడు కానీ కాదనలేదు.

రేపు జీపు మీ దగ్గరికి వస్తుంది. సోమవారం మీ విత్తనాలు దర్జాగా వాగు దాటుతాయి.

ఇట్లు,
దశరథరామయ్య


గిద్దలూరు,
6-8-1974, మంగళవారం, ఉదయం.

చిరంజీవి దశరథరామయ్యకు,

నిన్న సోమవారం ఉదయం ఎనిమిది గంటల నలభై నిమిషాలకు జీపు వాగు దాటింది. దాటి అవతల నిలబడిపోయింది.

నీళ్ళలో చక్కగా పోయింది. ఒడ్డెక్కి గులకరాళ్ళ రోడ్డు మీద రెండు ఫర్లాంగులు పోయేసరికి బండి బరువెక్కింది. లోపల ఎవరో పళ్ళు కొరికినట్టు చప్పుడు. ఆదెయ్య నాలుగు చక్రాల లివరు తీయబోతే అది రాలేదు. రెండు చేతులతో లాగినా రాలేదు. ఇంజను ఆగిపోయింది. సరుకు అక్కడే దిగి, చెప్పులు చేతబట్టుకుని మూడు మైళ్ళు నడిచి పోయింది.

సాయంత్రం ఆదెయ్య జాకీ పెట్టి ఒక ముందు చక్రం పైకి లేపాడు. అది దానంతటదే గిర్రున తిరిగింది, లివరు చేతికి వచ్చింది. బండి నెమ్మదిగా ఊరు చేరింది. ఈ రోజు షెడ్డులో విప్పి చూస్తున్నారు. అందుకే ఈ ఉత్తరం పోస్టులో వేస్తున్నాను.

నీ వెనక టైర్లు మంచివి కావని నా అనుమానం.

నాకు వాగవతల ఒక పని ఉంది. ఎద్దులబండి వచ్చింది, బయల్దేరుతున్నాను.

ఇట్లు,
వీరభద్రయ్య


గిద్దలూరు,
7-8-1974, బుధవారం.

తమ్ముడు దశరథరామయ్యకు అక్క రామతులసమ్మ రాసేది.

జీపుకు లోపల ఏమీ కాలేదంట. ఈ రోజు నీ దగ్గరికి వస్తాంది. ఈసారి మూలలో కాదు, కాగితం నిండా రాస్తున్నా. జిగురు కూడా పెట్టడం లేదు, దారంతో కట్టినా. చింపకుండా చదువు.

సోమవారం మూడు మైళ్ళు నడిచింది మన పరమేశ్వరి. జులై ఒకటో తేదీ నుంచి అక్కడ బడిలో టీచరు. పోయిన నెల తొమ్మిదో తేదీనే నీకు రాసినా, నువ్వు చింపుకున్నావు. వాగు వల్ల ఒక్క సోమవారం తప్పినా రాజీనామా అని మీ బావ షరతు. ఆ తర్వాత మూడు సోమవారాలు వాగులో నీళ్ళు తక్కువుండి ఎట్లో దాటింది. తొమ్మిదిన్నరకు తీయాల్సిన బడి ఈ సోమవారం పదింబావుకు తీసింది పిల్ల. ముప్పావు గంట ఆలస్యం అంటే తప్పినట్లే అన్నారు మీ బావ. రాజీనామా కాగితం తనే రాసుకుని, సంతకానికి జాగా వదిలి, నిన్న ఎద్దులబండిలో పోయినారు, పిల్లను వెంట తీసుకొస్తానని. దీపాలు పెట్టేవేళకు ఒక్కరే వచ్చినారు. అడిగితే చెప్పలేదు. కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, అంగట్లో పలకలు ఎన్ని ఉన్నాయని అడిగినారు. ఉండేది విత్తనాలు, పలకలు యాడివి అన్నా.

ఇంకో సంగతి. ఆదెయ్య పురికొస తీసుకుని ముందు టైరుకు ఒక చుట్టు, వెనక టైరుకు ఒక చుట్టు చుట్టి, రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి నాకు చూపించినాడు. ముందుది మూడు వేళ్ళు ఎక్కువ. మామూలుగా వెనక చక్రాలే తోస్తాయి కాబట్టి పట్టింపు లేదంట. లివరు వేస్తే ముందువీ వెనకవీ కలిసి ఒకే లెక్కన తిరగాలంట. బురదలో జారి సర్దుకుంటాయి, గట్టి నేల మీద సర్దుకోలేక లోపల బిగుసుకుపోతాయి. ముందే చెప్పకూడదా అని అడిగినా. "ఇద్దరికీ చెప్పినానమ్మా, నాలుగూ ఒకటే ఉండాలని. ఇద్దరూ తల ఊపినారు. ఊపినారంటే విన్నట్లే అనుకున్నా," అన్నాడు.

నీ సంగతి నువ్వు చెప్పు తమ్ముడూ. తల ఊపినావా లేదా?

అక్క


మార్కాపురం,
9-8-1974, శుక్రవారం.

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం నిన్న పోస్టులో అందింది. నాకు ఒక్క సందేహం. విత్తనాలు చెప్పులు చేతబట్టుకుని నడవడం ఎప్పటి నుంచి?

అంతకు ముందు రోజే అక్క ఉత్తరం వచ్చింది. అన్నీ తెలిశాయి. కాబట్టి మీరు కొత్తగా చెప్పాల్సింది ఏమీ లేదు, నేను చెప్పాల్సింది ఉంది.

ఆదెయ్య నాకు రెండో తేదీనే చెప్పాడు. జీపు కింద పడుకుని, బోల్టు బిగిస్తూ చెప్పాడు. నేను తల ఊపాను. మీకు రాసిన ఉత్తరంలో "ఏదో గొణిగాడు" అని రాశాను. గొణగలేదు, స్పష్టంగానే చెప్పాడు. ఆ మాట ఒప్పుకుంటే నాలుగూ మీ టైర్లే వేయమంటారని నోరు మూసుకున్నాను. మీతో అన్నప్పుడు మీరూ ఇదే లెక్క వేసుకుని ఉంటారు. జీపును ఇంటి స్థలం పంచుకున్నట్టు పంచుకున్నాం. ముందు వాకిలి మీకు, వెనక పెరడు నాకు.

ఇక పని సంగతి. బుధవారం సాయంత్రమే ఆదెయ్యను నంద్యాల పంపి, మీవాటికి జోడీగా ఇంకో రెండు కట్ల టైర్లు తెప్పించాను. నిన్న నాలుగూ బిగించి, పురికొసతో నా ఎదుటే కొలిపించాను. నాలుగూ ఒకటే. ఈ రెండూ భాగంలోకి రావు. పరమేశ్వరి చెవులు కుట్టినప్పుడు మేనమామగా నేను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాను. మొదటి ఉద్యోగానికి మేనమామ ఏం పెట్టాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి టైర్లు పెడుతున్నాను.

వానలు అయ్యేదాకా ఈ నాలుగూ. డిసెంబరులో ఇవి విప్పి, అన్ని కాలాల టైర్లు నాలుగు వేద్దాం. ఉన్న రెండూ పలకల షెడ్డులో వేలాడదీశాను, మిగతా రెండూ అప్పటికి తెస్తాను. అన్ని కాలాల టైరు అన్నారు కానీ, మనకు ఉన్నవి రెండే కాలాలు. వాగు పారే కాలం, పారని కాలం.

మరి పలకలు? మీ ఊరి మిల్లులో వేరుశనగ పొట్టు గుట్టలుగా పోసి తగలబెడతారు కదా. గురువారం ఇక్కడి మిల్లులో రెండు గోతాలు అడిగి, పెట్టెలో పొట్టు పోసి, పలకలు నిలువుగా పేర్చి, మళ్ళీ పొట్టు నింపి, ఈ కట్ల టైర్ల మీదే కంభం పంపాను. రెండు వందలకు మూడు పగిలాయి. ఇంతకాలం పడుకోబెట్టి పంపుతున్నాం. ముప్పై ఏళ్ళ నుంచి ఈ వ్యాపారంలో ఉన్నాను, ఈ సంగతి ఎవరికీ చెప్పకండి.

అక్కను మీరు పలకలు అడిగారట. ఎందుకో రాయలేదు. ఎన్ని కావాలో తెలియక యాభై పంపుతున్నాను.

మీసం సంగతి నేను ఎత్తను. ఎత్తకూడదని ఆదెయ్య చేత అక్క ఆజ్ఞ పంపింది.

ఇట్లు,
దశరథరామయ్య


గిద్దలూరు,
10-8-1974, శనివారం, సాయంత్రం.

చిరంజీవి దశరథరామయ్యకు,

మధ్యాహ్నం రెండింటికి జీపు చేరింది. యాభై పలకల్లో ఒక్కటీ పగల్లేదు. ఆదెయ్య నాకూ చెప్పాడు, నేనూ తల ఊపాను. ఇక ఆ సంగతి వదిలేద్దాం.

మంగళవారం ఏం జరిగిందో మీ అక్కకు ఈ రోజే చెప్పాను. నీకు రాస్తున్నాను.

జేబులో రాజీనామా కాగితం పెట్టుకుని పదకొండింటికి బడి దగ్గర దిగాను. ఒకటే గది. ముప్పై ఎనిమిది మంది పిల్లలు. పలకలున్నవాళ్ళు ఏడుగురు. తక్కినవాళ్ళు నేల మీద ఇసుక పోసుకుని వేలితో రాస్తున్నారు. ఒక వరుస రాయగానే పరమేశ్వరి చూస్తుంది, వాళ్ళు చెరిపేసి మళ్ళీ రాస్తారు. నన్ను చూసి పాఠం ఆపలేదు. ఎక్కం పూర్తయ్యేదాకా నేను గుమ్మం బయటే నిలబడ్డాను.

తర్వాత బయటికి వచ్చింది. సోమవారం తప్పింది, షరతు ప్రకారం సంతకం పెట్టమన్నాను. పిల్ల కాగితం అందుకోలేదు. "షరతు వాగుకు కదా నాయనా. వాగు దాటినాం. నన్ను ఆపింది నీవి రెండు, మామయ్యవి రెండు. దానికి నేనెందుకు రాజీనామా ఇయ్యాల?" అంది.

కాగితం నా చేతిలోనే ఉంది.

ఆ పల్లెలో యల్లయ్య అని గొర్రెలు మేపుకునేవాడు ఉన్నాడు. పోయిన నెల మన జీపును లాగిన ఎద్దుల్లో ఒక జత అతనిదే. మనవరాలు బడిలో ఉంది. అతను గోడవార కూర్చుని అంతా విన్నాడు. ఈ బడికి రెండేళ్ళు తాళం వేసి ఉందట. వచ్చిన అయ్యవార్లు వాగు చూసి వెనక్కి పోయారట. "ఈ యమ్మ సోమవారం చెప్పులు చేత్తో పట్టుకోని వచ్చింది సామీ. టైర్లు లేకున్నా వస్తాది. మీరు ఊరికే కాగితం ఖర్చు పెట్టుకున్నారు," అన్నాడు.

కాగితం మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. వెనక వైపు ఖాళీగా ఉంది. దాని మీదే ఈ ఉత్తరం రాస్తున్నాను. తిప్పి చూస్తే సంతకం లేని రాజీనామా కనబడుతుంది. దాచి ఉంచు. ఎప్పుడైనా నేను మాట మారిస్తే చూపించవచ్చు.

షరతు తీసేశాను. మీ అక్క సాక్షి.

ఇక ముందు జరగాల్సినవి. రేపు ఆదివారం సాయంత్రం ఆదెయ్య పరమేశ్వరికి లివరు వేయడం, తీయడం చూపిస్తాడు. అది పిల్ల కోరిక, నేను తల ఊపాను. ఈసారి విని ఊపాను. సోమవారం ఉదయం ఆరున్నరకు జీపు బయల్దేరుతుంది. అందులో ఒక టీచరు, ముప్పై ఒక్క పలకలు, రెండు గోతాల పొట్టు. మిగతా పంతొమ్మిది పలకలు ఇంట్లో ఉంచుతున్నాను. ఇంకా పిల్లలు చేరతారని పరమేశ్వరి అంటోంది. మంగళవారం జీపు నీ దగ్గరికి వచ్చినప్పుడు ఎన్ని పగిలాయో ఆదెయ్య చెబుతాడు.

శనివారం మధ్యాహ్నం జీపు తిరిగి వచ్చేటప్పుడు నువ్వూ ఎక్కి రా. అరవై మందిని పిలవలేను, వాళ్ళ తరఫున నువ్వొక్కడివి చాలు. పద్దెనిమిదో తేదీ ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు మంగలి నిత్యానందం కత్తి తీసుకుని మా అరుగు మీదికి వస్తాడు.

ఇట్లు,
వీరభద్రయ్య